వజ్రం తోలు మీద ఏడు గీతలు

సానల వీధి, మేడమీది గది
వానలు మొదలైన వారం

పిచ్చుకా,

ఆశీస్సులు ఉత్తరం చివర ఉంటాయి. అవి నీకు అందేదీ లేనిదీ నువ్వు చేసే పనిని బట్టి.

ఇది రాస్తున్నది కింది వాటాలో ఉండే గుమాస్తాగారు. ముప్పై ఏళ్ళు కోర్టు మెట్ల మీద అర్జీలు రాసిన చెయ్యి. మొదటి కాగితం “మహారాజశ్రీ” అని మొదలుపెట్టారు. చింపించాను. నేను అన్నది అన్నట్టు రాయమన్నాను. ఇంట్లో చదువుకున్న కోడలుండగా ఈయనెందుకంటావేమో. ఈ సంగతి కోడలికి తెలియకూడదు. తెలిస్తే నా నోరు మూసేస్తుంది.

వజ్రాల కార్ఖానాలో కోడల్ని సాన మీంచి లేపేశారు. పదకొండేళ్ళు కూర్చున్న సాన, కిటికీ పక్కన నాలుగోది.

పోయిన నెల ఒక ముడిరాయి వచ్చింది, చిక్కుడుగింజంత. పైనంతా మసక తోలు. (“రాయికి తోలేమిటమ్మా?” అని గుమాస్తాగారు కలం ఆపారు. భూమిలోంచి వచ్చినప్పుడు వజ్రం మీద ఉండే గరుకు పైపొరండీ, సాన పడితే గానీ పోదు. రాయండి.) కోడలు ఒక పక్క సానపట్టి, లోపల కనపడేలా రాయి ముఖం తెరిచింది. లోపల లేత గోధుమ రంగు, ఆ రంగులో సన్నటి గీతలు. రెండోరోజు మధ్యాహ్నం సాన మీదే టప్పున రెండు ముక్కలైంది.

యజమాని అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? “తొందరపడి నొక్కి నొక్కి రాయిని కమిలించావు. కమిలింది కాబట్టే రంగెక్కింది, గీతలు పడ్డాయి, విరిగింది.” వజ్రం కమలడానికి అదేమన్నా అరటిపండా? అయినా పెద్దముక్కను మీ పరీక్షాలయానికే పంపించాడు. మీవాళ్ళు “పనిలో పడిన ఒత్తిడి వల్ల విరిగినది” అని ముద్ర వేసి కాగితం ఇచ్చారు. దాన్ని కార్ఖానా గోడకి అంటించాడు.

ఆ కాగితం రాసిన మహానుభావుడెవరో కనుక్కో. వాడిచేత ఆ ముక్క మళ్ళీ చూపించు. గీతలు రాయి పుట్టుకలోనివి, సాన పెట్టినవి కావు అని రాయించు. మా తమ్ముడు పోయాక ఎనిమిదేళ్ళ పిల్లవి నా పక్కన బల్ల ఎక్కి రాళ్ళు ఏరడం నేర్చుకున్నావు. ఈపాటి పని చేయలేవూ?

మేనత్త


పరీక్షాలయం, రెండో అంతస్తు
పద్దెనిమిదో తేదీ

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నీ కోడలి సంగతి, అక్క సంగతి విని చాలా బాధ కలిగింది.

ఇక్కడి పద్ధతి నీకు చెప్పాలి. ఒకసారి ముద్ర పడిన నివేదికను తిరగదోడడం అంత తేలిక కాదు. కారణం చూపించాలి, పై అధికారి ఒప్పుకోవాలి.

నువ్వన్న గీతల గురించి. సహజమైన వజ్రాల్లో అలాంటివి ఉంటాయి, కాదనను. భూమి లోపల ఎంతో లోతున, రాయి ఎర్రగా కాగే వేడిలో, పైనున్న బరువుకి వజ్రం విరగకుండానే వంగుతుంది. పేకముక్కల కట్ట మీద అరచెయ్యి ఆనించి పక్కకి తోస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి కదా, అలాగే లోపలి పొరలు జారతాయి. జారినచోట అక్కడక్కడ పరమాణువులు తప్పిపోయి ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలు వెలుగుని మింగడం వల్లే రాయికి గోధుమ రంగు వస్తుంది. మళ్ళీ తిన్నగా కాలేదు కాబట్టి రాయి ఆ బిగువుని ఎప్పటికీ లోపలే మోస్తుంది.

అయితే ప్రతి రాయి విరగడానికీ ఇదే కారణమని చెప్పలేం. పనిలో జాగ్రత్త తప్పినా విరుగుతుంది. అక్కని కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమను. వేరే కార్ఖానాలో అడగవచ్చు.

ఆరోగ్యం జాగ్రత్త.

పిచ్చుక


సానల వీధి
వాన తెరిపి ఇచ్చిన రోజు

పిచ్చుకా,

నీ ఉత్తరం గుమాస్తాగారు చదివి వినిపించారు. మధ్యలో రెండుసార్లు ఆవులించారు. కోర్టు కాగితాలకే ఆవులించని మనిషి.

గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించినట్టు, రాయి ఎలా వంగుతుందో నువ్వు నాకు చెబుతున్నావా? పేకముక్కలట! ముప్పై నాలుగేళ్ళు ముడిరాళ్ళు ఏరాను, పన్నెండేళ్ళు సాన మీద కూర్చున్నాను. నాకు పరమాణువులు తెలియవు. వాటం తెలుసు. ప్రతి రాయికీ ఒక వాటం ఉంటుంది. వాటాన పెడితే సాన మీద వెన్నలా పోతుంది, ఎదురు పెడితే సాననే కొరుకుతుంది. వంగిన రాయికి వాటం ఒక్కటిగా ఉండదు. ఇక్కడొకలా, అక్కడొకలా తిరుగుతుంది. మంచిగా పోతూ పోతూ ఉన్నట్టుండి కీచుమంటుంది. అది సానపట్టే మనిషి తప్పా?

విశ్రాంతి తీసుకోమన్నావు. విను మీ అక్క విశ్రాంతి. రోజూ పొద్దున్నే సానకి వెళ్ళే వేళకి తల దువ్వి జడ వేసుకుంటుంది. చెప్పులు తొడుక్కుంటుంది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు విప్పి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. గోళ్ళలోంచి సాన నూనె నలుపు పోయింది. అవి చూస్తే ఎవరి చేతులో అనిపిస్తుంది. వేరే కార్ఖానాలో అడగమన్నావు. రెండిట్లో అడిగింది. “రాయి విరగ్గొట్టింది నువ్వే కదమ్మా?” అన్నారట ఒకచోట. రెండోచోట అది కూడా అనకుండా ముఖం మీదే తలుపు వేసేశారు. నా కొడుకు లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు, ఫోనులో కోడలు వాడితో “అంతా బాగానే ఉందండీ” అంటుంది. నేను పక్కనే కూర్చుని వింటాను.

యజమాని సంగతి తెలిసిందే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నువ్వూ మూడే అంటే ఎలాగ? ఒక్కమాట అడుగుతాను, చెప్పు. సాన నొక్కుడుకి గీతలు పడితే సాన తగిలిన పక్కనే పడాలి కదా? మరి సాన ముట్టని పక్కన, తోలు మీద కూడా అవే గీతలు ఎందుకున్నాయి? ఏడు గీతలు, వరసగా? జవాబు చెప్పమను నీ పై అధికారిని.

మేనత్త


పరీక్షాలయం
రెండో తేదీ

అత్తకు,

తోలు మీద ఏడు గీతలున్నాయని నీకెలా తెలుసు?

మాకు వచ్చింది పెద్దముక్క ఒక్కటే. దాని మీద తోలు లేదు. తోలు మిగిలి ఉంటే అది చిన్నముక్క మీదే ఉండాలి, అది యజమాని దగ్గరుంది. యజమాని తర్వాత పంపిన కాగితాల్లో అక్క ఇచ్చిన వాంగ్మూలం నేను చదివాను. నాలుగే వాక్యాలు. “రాయి నా సాన మీదే విరిగింది. నేనే ఎక్కించాను. ఎవరూ చెప్పలేదు. నాది తప్పయితే ఒప్పుకుంటాను.” గీతల మాటే లేదు.

ముడిరాయిగా ఉన్నప్పుడే ఆ గీతల్ని ఎవరైనా చూసి ఉంటే ఈ వ్యవహారం మొత్తం మారుతుంది. అక్క చూసిందా? చూస్తే ఎందుకు చెప్పలేదు? ఇంకెవరైనా చూశారా? నాకు సూటిగా చెప్పు. కోపంతో రాస్తే నాకేమీ ఉపయోగం లేదు.

పిచ్చుక


సానల వీధి
అదే వారం

పిచ్చుకా,

నాకెలా తెలిస్తే నీకెందుకు? తెలుసు, అంతే.

నువ్వు ఒకటి అడిగావు కాబట్టి నేనొకటి అడుగుతాను. గోడకి అంటించిన కాగితం నకలొకటి యజమాని మన కోడలికి ఇచ్చాడు. అది రేకుపెట్టెలో ఉంటే, ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు తీసి గుమాస్తాగారికి చూపించాను. ఆయన నీ ఉత్తరాలు పక్కన పెట్టుకున్నారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “అమ్మా, ముప్పై ఏళ్ళు చేతిరాతలు చూసినవాణ్ణి. ఈ మూడు కాగితాలూ ఒకటే చెయ్యి” అన్నారు.

నేను వెతకమన్న మహానుభావుడు నువ్వేనన్నమాట.

నాకు చదువు రాదు కాబట్టి కాగితం ఎవరి చెయ్యి రాసినా ఒకటే అనుకున్నావా? పేకముక్కల కథ చెప్పిన చెయ్యీ, కోడలి పొట్ట కొట్టిన చెయ్యీ ఒకటేనా? “చాలా బాధ కలిగింది” అని రాశావు. బాధ ఎందుకు కలిగిందో ఇప్పుడు అర్థమైంది.

ఇంకేమీ రాయను. గుమాస్తాగారు చివర “శుభం” అని పెడతానంటున్నారు. వద్దన్నాను.


పరీక్షాలయం
పదకొండో తేదీ

అత్తా,

అవును. నేనే రాశాను.

ఆరోజు నా బల్ల మీద నలభై పొట్లాలున్నాయి. అందులో ఒకటి అది. పొట్లంతో పాటు యజమాని చీటీ, “సానపట్టే మనిషి అతిగా నొక్కడం వల్ల విరిగింది, ధ్రువీకరించగలరు” అని. భూతద్దం పెట్టి విరిగిన అంచు చూశాను. చీటీలో ఉన్నదే కాగితం మీదకి ఎక్కించాను. రెండు నిమిషాల పని. అది అక్క రాయి అని నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదని ఇప్పుడు తెలుసు. ఎవరి రాయైనా చూడాల్సినట్టు చూడలేదు. నీ మొదటి ఉత్తరం చదివాకే ఏం చేశానో అర్థమైంది. భయపడి పెద్ద పెద్ద మాటలు రాశాను.

నీ మూడో ఉత్తరం తర్వాత ఆ ముక్కని మళ్ళీ తీయించాను. మా దగ్గర రెండు నల్లటి గాజుపలకలుంటాయి. ఒకదాన్ని రెండోదానికి అడ్డంగా తిప్పితే వెలుగు ఆగిపోతుంది, అంతా చీకటి. మధ్యలో బిగువు లేని వజ్రం పెట్టినా చీకటి చీకటిగానే ఉంటుంది. లోపల వంగి బిగుసుకున్న వజ్రమైతే వెలుగుతుంది. పావుగంట పని, ఆరోజు నేను చేయనిది.

అక్క రాయి మధ్యలో పెట్టాను అత్తా. ఒక్కసారిగా బూడిదరంగు, నీలం, నారింజ పట్టీలు. ఒకదాన్నొకటి దాటుకుంటూ చాప అల్లినట్టు. గోధుమ రంగంతా ఆ గీతల వెంటే ఉంది. ఏ సానా ఇది చేయలేదు. సాన వేడికి మహా అయితే పైన తెల్లటి మసక కడుతుంది, లోపలి పొరల్ని కదిలించలేదు. నువ్వు మొదటినుంచీ చెప్పిందే నిజం.

వెంటనే పై అధికారికి చూపించాను. ఆయన చూసి తల ఊపి, ఒకటే అడిగాడు. “సరే, గీతలు భూమిలోవే. అయితే ఆ గీతలు తోలు మీదే కనిపించి ఉండాలే? పదకొండేళ్ళు పనిచేసిన మనిషి వాటిని గమనించకుండా ఎలా ఎక్కించింది? గమనిస్తే ఎందుకు ఎక్కించింది? రాయిది లోపం, మరి ఎక్కించడం ఎవరి లోపం?”

ఆ జవాబు నీ దగ్గర ఉంది. నేను దాచింది చెప్పేశాను. ఇక నీ వంతు.

పిచ్చుక


సానల వీధి
మూడు రోజులు ఆలోచించాక

పిచ్చుకా,

నిన్ను తిట్టడానికి బోలెడు మాటలు కూర్చుకున్నాను. గుమాస్తాగారు రెండు పేజీలు రాశారు కూడా. తర్వాత నేనే ఆయన్ని ఆ పేజీలు పక్కన పెట్టమన్నాను. ఎందుకో ఇది వింటే తెలుస్తుంది.

కళ్ళకి పొర కమ్మి నేను పని మానేసినా కార్ఖానా నన్ను మానలేదు. మధ్యాహ్నం కోడలికి క్యారియరు పట్టుకెళతాను. తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంటాను. పన్నెండు సానల వాళ్ళూ అనుమానం ఉన్న రాయి ఉంటే నా దగ్గరికి తెస్తారు. బొటనవేలి గోరు తోలు మీద మెల్లగా లాగుతాను. కళ్ళకి కనిపించనిది గోటికి తగులుతుంది. “ఎక్కించు” అంటే ఎక్కిస్తారు, “వద్దు” అంటే పక్కన పెడతారు. తొమ్మిదేళ్ళుగా ఇదే వాడుక. బయటివాళ్ళు రాయి ముట్టరాదని గోడ మీద రాసి ఉందట. నాకు చదవడం రాదు, చదవడం వచ్చినవాళ్ళు అటు చూడరు. యజమాని గాజుగదిలోంచి చూసి కూడా తల తిప్పుకుంటాడు. రాళ్ళు విరక్కుండా ఉంటే ఆయనకేం?

ఆరోజు కోడలు ఈ రాయి తెచ్చింది. “అత్తయ్యా, తోలు మీద ఏదో గరగరమంటోంది, చూడండి” అంది. గోరు లాగాను. ఏడు గీతలు. దువ్వెన పళ్ళ మీద లాగినట్టు, ఒకదాని పక్కన ఒకటి. అది లోపల వంగిన రాయని నాకు తెలిసింది పిచ్చుకా. గోరు పెట్టగానే తెలిసింది.

అప్పుడు మూడోసాన వాడు నవ్వాడు. “ముసలమ్మ ఈమధ్య అన్నీ వద్దంటోంది. గోరు అరిగిపోయినట్టుంది, మార్చుకోమను” అన్నాడు. ఆ వారంలో అప్పటికే రెండు రాళ్ళు వద్దన్నాను. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. “గీతలే కదా, ఇలాంటివి వంద చూశాను. వాటం చూసి ఎక్కించు” అన్నాను.

కోడలు వెంటనే తీసుకోలేదు. “పక్కన పెడదామా అత్తయ్యా?” అంది. “నాకు చెబుతున్నావా? ఎక్కించమన్నానా లేదా?” అన్నాను. ఎక్కించింది.

ఇప్పుడు తెలిసిందా ఎక్కించడం ఎవరి లోపమో? వాంగ్మూలంలో “ఎవరూ చెప్పలేదు” అని రాసిందట. ఈ రెండు నెలల్లో ఆ రాయి ఊసు ఒక్కసారైనా నా ముందు ఎత్తలేదు. “మీరు చెబితేనే కదా” అని ఒక్కమాట అనుంటే నేను పోట్లాడి ఊరుకునేదాన్ని. అనలేదు. అన్నం పెడుతూ “ఇంకొంచెం వేసుకోండి” అంటుంది. అది నన్ను చంపుతోంది.

మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను నోరు విప్పితే, బయటిమనిషి చేతికి రాయి ఇచ్చిందని ఆవిడని ఎప్పటికీ రానివ్వరు. విప్పకపోతే గీతలున్న రాయిని చూసుకోకుండా ఎక్కించిందని ఆవిడకి పేరు. నేను ఎవర్నీ ఏమీ అడగని మనిషిని, నీకు తెలుసు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేయను?

మేనత్త


పరీక్షాలయం
ఇరవై ఒకటో తేదీ

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం చేయాలో నీకు తెలుసు, నా నోట వినాలనుంది. అందుకే చెబుతున్నాను. వచ్చి నిజం చెప్పు.

నా వంతు నేను చేశాను. పాత నివేదిక తప్పని, రాయిని పరీక్షించకుండా యజమాని చీటీ చూసి రాశానని కాగితం పెట్టాను. నన్ను మూడు నెలలు పొట్లాలు తీసుకునే బల్లకి మార్చారు. పైకి పంపే ముందు ప్రతి పొట్లం మీద నంబరు వేయడం నా పని. అందరూ జాలిగా చూస్తున్నారు, అదే ఎక్కువ కష్టంగా ఉంది.

వచ్చే గురువారం పదిగంటలకి యజమాని చిన్నముక్క తీసుకుని వస్తున్నాడు. రెండు ముక్కలూ కలిపి చూస్తారు. అక్కకి పిలుపు పంపించారు. నీకు పంపలేదు, నువ్వెవరో వాళ్ళకి తెలియదు కదా. పిలుపు లేకుండానే రా. మెట్లు ఇరవై రెండు, ఎడమపక్క కమ్మీ ఉంది, పట్టుకుని ఎక్కు.

ఉంచుతారో తీసేస్తారో నేను మాట ఇవ్వలేను. అబద్ధం మీద అక్క మళ్ళీ ఆ సాన మీద కూర్చోలేదని మాత్రం తెలుసు.

పిచ్చుక


సానల వీధి
వానలు వెనకబట్టాక

పిచ్చుకా,

నిన్ను బయట నంబర్ల బల్ల దగ్గరే ఉంచేశారు కాబట్టి లోపల జరిగింది చెప్పాలి. ఆరోజు మెట్ల మీద నాలుగు మాటలు కూడా మాట్లాడనివ్వలేదు ఆ బంట్రోతు.

పిలుపు కాగితం వచ్చినప్పుడే ఇంట్లో ఒక యుద్ధం అయింది. “నాకు తెలియకుండా ఉత్తరాలు రాయిస్తారా?” అని కోడలు. “నాకు తెలియకుండా నా తప్పు నెత్తినేసుకుంటావా?” అని నేను. గుమాస్తాగారు పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి, మళ్ళీ దిగిపోయారు.

లోపల మీ పెద్దాయన రెండు ముక్కలూ అంచుకి అంచు ఆనించి, కాంతిపెట్టె మీద పెట్టాడు. నాకు కనిపించదు. పక్కన ఉన్న మీ పరీక్షాలయం అమ్మాయి చెప్పింది. పెద్దముక్కలో గీత ఎక్కడ ఆగిందో చిన్నముక్కలో అక్కడే మొదలై, తిన్నగా తోలు దాకా వెళ్ళిందట. సాన ముట్టని తోలు దాకా. పెద్దాయన యజమానితో “మీ కార్ఖానా పుట్టకముందు, మనుషులే పుట్టకముందు వంగింది ఈ రాయి. మీరు కమిలిందంటున్నది అది” అన్నాడు. యజమాని గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు పెద్దాయన అడిగాడు, “ముడిరాయిని చూసింది ఎవరు?” అని.

కోడలు “నేనేనండీ” అంది. “గీతలు తగిలాయి, అయినా ఎక్కించాను. నాదే తప్పు.”

నేను లేచాను. కుర్చీ పడిపోయింది. “అబద్ధం. చూసింది ఈ గోరు. ఎక్కించమన్నది ఈ నోరు. ఆవిడ వద్దంది. నలుగురూ నవ్వారని పౌరుషానికి పోయి నేను ఎక్కించమన్నాను” అన్నాను. కోడలు “అత్తయ్యా, కూర్చోండి” అంది. “నేను కూర్చుంటే నువ్వు లేవాలి, అందుకని కూర్చోను” అన్నాను.

యజమానికి ఊపిరొచ్చింది. “చూశారా, బయటిమనిషి చేతికి రాయి!” అన్నాడు. “బయటిమనిషినా?” అన్నాను. “తొమ్మిదేళ్ళు గాజుగదిలోంచి చూసినప్పుడు నేను నీకు లోపలిమనిషినేనా? నేను వద్దన్న రాళ్ళు ఎన్నింటిని చడీచప్పుడు లేకుండా తిప్పి పంపించావు? ఒక్కటి విరిగేసరికి గోడ మీద రాత గుర్తొచ్చిందా?” పెద్దాయన బల్ల మీద కొట్టాడు. అది నన్ను ఆపడానికో యజమానిని ఆపడానికో తెలియదు. ఇద్దరం ఆగాం.

తేల్చింది ఇది. రాయిది లోపం, కోడలిది కాదు అని కొత్త కాగితం ఇస్తారు. పాతది గోడ మీంచి తీయాలి. కోడలు సోమవారం నుంచి సాన మీద కూర్చోవచ్చు. నేను మాత్రం ఇక కార్ఖానా గుమ్మం దాటకూడదు. క్యారియరు కాపలావాడి చేతికిచ్చి వెనక్కి రావాలి. నా గోరు ఏ రాయీ తాకకూడదు. యజమాని అడిగాడు, పెద్దాయన సరేనన్నాడు, కోడలు ఏడ్చింది. నేను ఏడవలేదు. తలుపు వెతుక్కుంటూ రెండుసార్లు గోడకి గుద్దుకున్నాను, అంతే.

నీమీద కోపం పోయిందా అని అడుగుతావు. సగం పోయింది. మిగతా సగం నామీదకి మళ్ళింది. నువ్వు రెండు నిమిషాలు చూసి రాశావు. నేను బాగా తెలిసే చెప్పాను. రెండింటిలో ఏది పెద్ద తప్పో గుమాస్తాగారిని అడిగితే “ఇది నా పరిధిలోకి రాదమ్మా” అన్నారు.

సోమవారం కోడలు పనికి వెళ్ళింది. మధ్యాహ్నం క్యారియరు కాపలావాడికిచ్చాను. లోపల పన్నెండు సానల చప్పుడు వినిపించింది. వాడు “ఇంకా నిలబడ్డావేం పెద్దమ్మా?” అంటే “వానొస్తుందేమో చూస్తున్నా” అన్నాను. ఎండ మండిపోతోంది.

సాయంత్రం కోడలు వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుంది. చేతులకి నూనె వాసన.

“ఇవాళ ఒక రాయి వచ్చింది అత్తయ్యా. మళ్ళీ గోధుమ రంగుదే అనుకుంటా. అందరూ తలుపు పక్క బెంచీ వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు” అంది.

“మరి ఏం చేశావు?”

“నేనే కళ్ళు మూసుకుని గోరు పెట్టాను.”

“ఏం తగిలింది? ఎన్ని గీతలు? ఏ వైపు నుంచి ఏ వైపుకి?”

“చెప్పను.”

“చెప్పవా!”

“బయటివాళ్ళకి రాయి సంగతి చెప్పకూడదు. నిన్న మీరే కదా ‘రూలంటే రూలే’ అన్నారు” అంది. నవ్వుతోందని గొంతులో తెలుస్తోంది. నాకెంత మండిందంటే, చేతిలో ఉన్న గ్లాసు నీళ్ళు సగం ఒలికిపోయాయి. నలభై ఆరేళ్ళు రాళ్ళతో బతికినదాన్ని, నా ఇంట్లో, నా పక్కన కూర్చుని, నాకు చెప్పదట.

“మూడోసాన వాడు మళ్ళీ నవ్వాడా?” అని అడిగాను.

“నవ్వాడు. ‘అత్తగారి గోరు ఊడి కోడలి వేలికి మొలిచింది’ అన్నాడు. అందరూ నవ్వారు.”

“నువ్వేం చేశావు? అది చెప్పు. ఎక్కించావా, లేదా?”

“ఎక్కించలేదు అత్తయ్యా. పొట్లం కట్టి పిచ్చుక బల్లకి పంపించాను.”

ఆ నవ్వుకి నేనైతే ఎక్కించమనేదాన్ని.

రేపో ఎల్లుండో ఆ పొట్లం నీకు అందుతుంది. నంబరు వేసి పైకి పంపు. పైన ఎవరు చూస్తారో గానీ, నల్ల పలకల మధ్య పెట్టి పావుగంట చూడమని చెప్పు.

ఆశీస్సులు.

మేనత్త